గడప ఎత్తు

ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజున వసంతకుమారి ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసేది. ఇంటి ముందు మూడు మెట్లు. చక్రాల కుర్చీని దించడానికి ఒకవైపు భర్త లోకనాథన్, మరోవైపు ఎదురింటి మురుగన్ పట్టుకోవాలి. మురుగన్ వైతికుప్పం రేవులో చేపల పెట్టెలు మోసే మనిషి. మంచివాడు. ఎత్తేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటాడు. అయినా కుర్చీ ఒరిగితే అతని చెయ్యి ఆమె తొడకి ఆనుకునేది. చీర జరిగేది. దారిలో ఒంటికి వచ్చి ఇంటికి తిరగాల్సివస్తే ఆ చేతులే మళ్లీ రావాలి. అందుకని నీళ్లు మానేసింది. తర్వాత ఆస్పత్రికి తప్ప ఇంకెక్కడికీ వెళ్లడం కూడా మానేసింది.

ఏడాదిన్నర కిందట కాలాపేట నుంచి యూనిఫాం కుట్ల ఆర్డరు తీసుకొని వస్తుంటే ఆటో బోల్తా పడింది. అప్పటినుంచి నడుము కింద ఆమెకేమీ తెలియదు.

వాలుదారి కట్టిద్దామన్నది ఆమే. అత్త వేదవల్లి సరేనంది. ఎడమ తిన్నె పగలగొట్టాలని చెప్పినప్పుడు కూడా, సాయంత్రాలు తను కూచునే చోటే అయినా, "కుడి తిన్నె ఉండాదిగా, దానిమీద కూచుంటా" అంది.

మేస్త్రీ పెరుమాళ్ టేపు చాచి కొలిచాడు. వీధి నుంచి అడుగున్నర ఎత్తు.

"ఏడడుగులు చాలు తల్లీ. నా బైకు ఇట్టే ఎక్కేస్తాది."

"నేను బైకు కాదు పెరుమాళూ. అడుగు ఎత్తుకి పన్నెండడుగులని ఆస్పత్రిలో చెప్పినారు. పద్దెనిమిది కావాల."

"పద్దెనిమిదా! అంత దూరం పోతే వీధి చివర టీకొట్టు వచ్చేస్తాది."

"రానీ. నేనూ టీ తాగి చానా నాళ్లయింది."

గోడ వెంబడి పక్కకి కట్టారు. పచ్చి సిమెంటు మీద చక్రం జారకుండా పెరుమాళ్ చీపురుతో అడ్డగీతలు గీశాడు. వారం రోజులు వేదవల్లి దాన్ని తడుపుతూ, దాని మీదకి ఎక్కబోయిన మేకల్ని అదిలిస్తూ కాపలా కాసింది.

ఎనిమిదో రోజు పొద్దున వసంతకుమారిని చివరిసారిగా మెట్ల మీదుగా వీధిలోకి దించారు. ఆమె రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ వాలు ఎక్కింది. భుజాలు నొప్పి పుట్టాయి. మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ తిప్పింది. పైకొచ్చేసరికి మురుగన్ ఈల వేశాడు. తలుపు ముందు కుర్చీని తిప్పుకొని లోపలికి నెట్టుకుంది.

ముందు చక్రాలు గడపకి కొట్టుకొని ఆగిపోయాయి.

పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన నాలుగంగుళాల టేకు గడప. పెరుమాళ్ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"గడప కదమ్మా..." అన్నాడు, తప్పు చేసినవాడిలా. "దాన్ని ఎవరు కొలుస్తారు?"

నిజమే. అతను కింద నుంచి గడప దాకా కొలిచాడు. లోకనాథన్ కూడా అంతే. రోజూ దాన్ని చూస్తూ ఇంట్లో కూచునే వసంతకుమారికీ తట్టలేదు. ఆ ఇంట్లో గడప దాటేదే గాని అడ్డం వచ్చేది కాదు.

"అటూ ఇటూ రెండు పలకలు వాలుగా పెడదాం. దానిమీద ఎక్కించేయొచ్చు," అన్నాడు లోకనాథన్.

"ఏంది, వీధంతా తిరిగిన చక్రం గడప మీదనా?" అంది వసంతకుమారి. "వద్దు."

మురుగన్, లోకనాథన్ చెరోవైపు పట్టుకొని కుర్చీని లోపల పెట్టారు. మూడు మెట్లయినా నాలుగంగుళాలయినా పట్టుకునే చేతులు అవే.

ముప్పై ఏళ్ల కిందట ఆ గడప మీద పెట్టిన బియ్యం నింపిన కొలత పడిని కుడికాలితో తన్ని వసంతకుమారి ఆ ఇంట్లోకి వచ్చింది. మామ పోయాక వేదవల్లి పసుపు గిన్నె కోడలి చేతిలో పెట్టింది. పదకొండేళ్లు ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు పూసింది ఆమే. వంగలేని మనిషి అయ్యాక ఆ గిన్నె మళ్లీ అత్త చేతికి వెళ్లింది. ఆ గడపని తీసెయ్యమని ఎలా అడుగుతుంది? అడగలేదు. తర్వాతి ఆస్పత్రి రోజుకి మళ్లీ నీళ్లు మానేసింది.

ఆ శుక్రవారం వేదవల్లి తలస్నానం చేసి, గడప కడిగి, పొడిగుడ్డతో తుడిచింది. పసుపు గిన్నె తీసుకుంది. ద్వారబంధానికి అటూ ఇటూ నిలువు చెక్కలకు పూసి, బొట్లు పెట్టింది. గిన్నె పక్కన పెట్టేసింది. గడప ఉత్తి చెక్కగా కనిపించింది.

"అత్తా, కింద మరిచిపోయినావు."

"మరవలే." వేదవల్లి మోకాళ్లు పట్టుకొని లేచింది. "ఆ ఇరుసప్పన్ ఆశారి నంబరు నీ ఫోన్లో ఉండాదా?"

"ఎందుకు?"

"రంపం తెమ్మను."

వసంతకుమారి ఫోను ముట్టుకోలేదు. "నాకోసరం వద్దత్తా. నీకు..."

"ఆస్పత్రికి పొయ్యే రోజు నీ చెంబులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉంటాయి. వాటిని పారబోసేది నేను కాదా? నాకు తెలీదనుకున్నావా?" అత్త గొంతు పెరగలేదు. "ఆడమనిషివి దప్పికతో పోతా ఉంటే, నేను కట్టెకి పసుపు పూస్తా కూచోనా? నిలువు చెక్కలకు పూస్తాలే. లక్ష్మికి ఆడ కనపడదా ఏంది?"

మధ్యాహ్నం వడ్రంగి ఇరుసప్పన్ వచ్చాడు. కోసేంతసేపూ వేదవల్లి వంటింట్లోనే ఉంది. రంపం చప్పుడు ఆగాక వచ్చి, తీసిన గడప చెక్కని కొంగుతో తుడిచి, బియ్యం డ్రమ్ము వెనక నిలబెట్టించింది. గడప చోటు నేలతో సమంగా పూడ్చి, తలుపు కిందకి చెక్క పట్టీ కొట్టి ఆశారి వెళ్లిపోయాడు.

మంగళవారం ఆస్పత్రి. పొద్దున్నే వసంతకుమారి చెంబెడు నీళ్లు అడిగి, అత్త చూస్తుండగానే మొత్తం తాగింది. తలుపు దాటింది. చక్రాల అంచులు రెండు చేతులతో బిగబట్టి, కొంచెం కొంచెంగా వదులుతూ వాలు దిగసాగింది. ఎదురింట్లోంచి మురుగన్ అలవాటుగా పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, పట్టుకుంటా ఉండు!"

"ఒరే మురుగా, చెయ్యి తియ్యి!" లోపలి నుంచి వేదవల్లి అరిచింది.

అతను చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడ్డాడు. వసంతకుమారి వీధిలోకి దిగి, కుర్చీ ఆపి, వెనక్కి తిరిగి చూసింది.

అత్త గుమ్మంలోకి వస్తోంది. అక్కడ ఏమీ లేకపోయినా, అరవై ఏళ్ల అలవాటున చీర కుచ్చెళ్లు పట్టుకొని, కాలు పైకెత్తి వేసింది.