అతనికంటే ముందు

"కుడికాలు ఇంకాస్త ఈడవాలంటావా?" అని కౌస్తుభ్ నిలువుటద్దం ముందు నుంచి అడిగినప్పుడు కేతకి అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అతను గదిలో అటూ ఇటూ ఆమె నడకే నడుస్తున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ముడిచి, పెదవి ఓ పక్కకి లాగి, ఆమె మాట ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ ఆగుతూ.

"చెప్పవే. నీకంటే బాగా తెలిసినవాళ్ళెవరున్నారు?"

"సరిపోయింది," అంది కేతకి. కాలర్‌ని కుడి మోచేత్తో అదిమిపట్టి, ఎడంచేత్తో ఇస్త్రీపెట్టె నడిపింది.

"సాయంత్రం చివర్లో నిన్ను స్టేజి మీదకి పిలుస్తాను. అటునుంచి ఇటు నడువు, చాలు. జనం లేచి చప్పట్లు కొడతారు. మాట్లాడకు మాత్రం. నువ్వు నోరు తెరిస్తే నా టైమింగ్ పోతుంది."

టైమింగ్. కేతకి ఆ మాటని కాసేపు నోట్లోనే తిప్పుకుంది. పుట్టినప్పుడు గాలి అందక ఆమె కుడివైపు కాలూ చెయ్యీ బిగుసుకుపోయాయి, మాట మెల్లగా వస్తుంది. పుణెలో డెక్కన్ అనే పేటలో ఫర్జానా నడిపే కెఫేలో, ఎవరైనా మైకు పట్టుకుని జోకులు చెప్పొచ్చనే సాయంత్రాల్లో ఒకనాడు ఆమె మొదటిసారి స్టేజి ఎక్కింది. కాలేజీ అప్పుడే అయిపోయింది. ఆమె మెట్లెక్కుతుంటే జనమంతా ఊపిరి బిగబట్టారు. ఆ జాలి ఆమెకి చిన్నప్పటినుంచీ తెలిసిందే. మైకు అందుకుని, "ఎందుకలా చూస్తున్నారు? పడితే పట్టుకుందామనా, పడితే చూద్దామనా?" అంది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఆ తర్వాత బల్లల మీద కప్పులు ఒలికేలా నవ్వారు. తన మాట ఆలస్యమే తన బలమని ఆ సాయంత్రమే తెలిసింది కేతకికి. నవ్వు పేలేముందు మనుషుల్ని ఎంతసేపు అంచు మీద నిలబెట్టాలో ఆమె నాలుకే తేల్చుకుంటుంది. కొన్నాళ్ళకి ఆమె పేరు చూసి టికెట్లు కొనేవాళ్ళు తయారయ్యారు. అదే కెఫేలో తన వంతు కోసం కూర్చునే కౌస్తుభ్ జోకులకి అతని స్నేహితులు కూడా ఫోన్లు చూసుకునేవాళ్ళు.

అతను ప్రేమిస్తున్నానన్నాడు. ఆమె నమ్మింది. పెళ్ళిలో ఎవరు చూసినా అతని భుజం తట్టి "మనసు పెద్దదిరా నీది" అన్నవాళ్ళే. ఆమె మనసు ఎంతదో ఎవరూ అడగలేదు. పెళ్ళయ్యాక అత్తగారు శుభాంగి పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇంటికొకరు స్టేజి ఎక్కితే చాలమ్మా. ఇద్దరూ ఎక్కితే పోహే ఎవరు చేస్తారు?" అంది నవ్వుతూనే. కేతకి అటుకులు తాలింపు వేసి పోహే చేసింది. చపాతీలు ఒత్తింది. ఒత్తుతూ కొత్త జోకులు పైకి అనుకునేది, ఏ మాట ముందు, ఏది వెనక అని. హాల్లో కూర్చున్న కౌస్తుభ్ వినేవాడు. మొదట ఒకటి అడిగి తీసుకున్నాడు. తర్వాత అడగడం మానేశాడు. బస్సులో వికలాంగుల సీట్లో కూర్చున్న ఓ పెద్దావిడ ఆమె తలమీద చెయ్యిపెట్టి "దేవుడు నీకు మేలు చేస్తాడమ్మా" అంటే, "ముందు మీరు నా సీట్లోంచి లేవండి, ఆయన పని తేలికవుతుంది" అని కేతకే అన్న మాట, అతని నోట్లో అతను అన్న మాటయింది. అతను చెప్పే జోకులో ఆమె పక్కన తలొంచుకుని నిలబడుతుంది. అతను ఆ తలొంపు కూడా నటించి చూపించేవాడు. దానికే ఎక్కువ నవ్వేవాళ్ళు. ఈ రోజు పెద్ద హాలు, కెమెరాలు, అతని మొదటి పూర్తి ప్రదర్శన. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అన్నీ ఆమెవే.

కౌస్తుభ్ స్నానానికి వెళ్ళాడు. కేతకి ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఫర్జానాకి ఫోన్ చేసింది. ఈ సాయంత్రం హాలు చూసుకునేది కూడా ఆవిడే.

"వాడికంటే ముందు నన్ను స్టేజి ఎక్కించు."

"ఎంతసేపు?"

"వాడికేమీ మిగలనంతసేపు."

అవతల ఫర్జానా గట్టిగా నవ్వింది. "పెళ్ళిలో నీకు బిర్యానీ వడ్డించినప్పటి నుంచీ ఈ ఫోన్ కోసమే చూస్తున్నానే పిల్లా!"

సాయంత్రం కౌస్తుభ్ మేకప్ గదిలో ఉండగా ఫర్జానా మైకులో కేతకి పేరు చెప్పింది. ముందు వరుసలో శుభాంగి, సాతారా నుంచి వచ్చిన చుట్టాలతో కూర్చుని ఉంది. కేతకి మెట్లెక్కింది. మైకు ఎత్తు తగ్గించుకుంది. నాలుక తన పద్ధతిలో తాను ఆగింది, సాగింది.

"పెళ్ళిచూపుల్లో నన్ను నడిచి చూపించమన్నారు. చూపించాను. అవతలి గది దాకా..." ఆగింది. హాలంతా ఆమెతోపాటు ఆగింది. "...వెళ్ళి వచ్చేసరికి పెళ్ళికొడుక్కి పిల్లలు పుట్టారు."

సాతారా చుట్టాలు పగలబడి నవ్వారు. శుభాంగి కూడా నవ్వింది, ఆపుకోలేక. కేతకి బస్సు జోకు చెప్పింది. అందులో జవాబు చెప్పింది తనే, తలెత్తుకునే చెప్పింది. డాక్టర్ల జోకు, దర్జీ జోకు, గుడి క్యూ జోకు, కౌస్తుభ్ అనుకున్న వరుసలోనే ఒక్కటీ వదలకుండా. నవ్వు విని అతను తెర పక్కకి పరిగెత్తుకొచ్చాడు. ఆపమని చేతులూపాడు. కేతకి అతన్ని చూసింది. నోరంతా తెరుచుకుని, రంగు పూసుకున్న మొహంతో, చెమటలు పట్టి ఉన్నాడు. ఆమెకి ఇంత ఆకలి ఎప్పుడూ వెయ్యలేదు. ఇంకా కావాలనిపించింది.

"మా ఆయనది పెద్ద మనసంటారు అందరూ," అంది జనంవైపు తిరిగి. "నిజమే." ఆగింది. అతను చేతులూపడం మానేశాడు. "నా జోకులన్నీ అందులోనే పట్టాయి."

అరుపులు, ఈలలు. కేతకి వంగి దండం పెట్టి, తీరిగ్గా మెట్లు దిగింది.

కౌస్తుభ్ ఎక్కక తప్పలేదు. కెమెరాలు తిరుగుతున్నాయి. "మొన్న మేం బస్సులో వెళ్తుంటే, ఓ పెద్దావిడ..." అని మొదలుపెట్టాడు.

"సీట్లోంచి లేవమన్నారు కదా? విన్నాం!" అని వెనక నుంచి ఓ అమ్మాయి అరిచింది. హాలు గొల్లుమంది. అతను కంగారులో ఎప్పుడూ నవ్వు తెప్పించే పని చేశాడు. చెయ్యి ముడిచి, కాలు ఈడుస్తూ నడిచాడు. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు లేచి బయటికి నడిచారు. తెర పక్కన కుర్చీలో కూర్చుని కేతకి ఆ నిశ్శబ్దాన్ని చివరిదాకా విన్నది. జాలి వస్తుందేమోనని ఓ క్షణం భయపడింది. రాలేదు.

ప్రదర్శన అయ్యాక శుభాంగి ఆమె దగ్గరికొచ్చింది. "కట్టుకున్నవాడి నోటికాడి కూడు లాక్కున్నావే," అంది.

"వండింది నేనే కదా, అత్తయ్యా," అంది కేతకి.

మర్నాడు పొద్దున కౌస్తుభ్ టీ పెట్టి తెచ్చాడు, పెళ్ళయ్యాక మొదటిసారి. మంచం అంచున కూర్చుని చాలాసేపు దుప్పటి సర్దాడు.

"శనివారం నాశిక్‌లో షో ఉంది. నా దగ్గర ఒక్క జోకూ లేదు. ఓ అరగంటకి సరిపడా రాసివ్వు, కేతూ. నీకదెంత పని? ఎలాగూ నువ్వు ఊరూరా తిరగలేవు. నిన్న నన్ను అంత చేసినా నిన్ను పల్లెత్తు మాటన్నానా? ఇంకొకడైతే నీలాంటి దాన్ని ఈపాటికి పుట్టింట్లో దింపేవాడు."

"నాశిక్ నేను వెళ్తున్నాను. ఫర్జానా మాట్లాడేసింది," అంది కేతకి. టీ ఓ గుక్క తాగి, కప్పు కిటికీలో పెట్టి, అతనివైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"ఇప్పుడన్నది మళ్ళీ ఒకసారి అను, కౌస్తుభ్. మెల్లగా. నాశిక్‌లో చెప్పేటప్పుడు ఒక్క మాట కూడా పోకూడదు."