హెస్టర్ మాప్ గీసిన బాట

మేవిస్ ప్రోబర్ట్ పొద్దున్నే టీ కప్పు పట్టుకుని, తన ఇంటి గోడల మీది బొమ్మలు చూసుకుంటూ ఒక చుట్టు తిరిగేది. ముప్ఫయ్యేళ్లు ఆ ఊరికి ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. చర్చి హాల్లో పాత సామాన్లు అమ్మేటప్పుడూ, ఎవరైనా ఇల్లు ఖాళీ చేసేటప్పుడూ వెళ్లి, పేరు కూడా ఎవరూ వినని చిత్రకారుల నీటిరంగుల బొమ్మలూ, చెక్క అచ్చు బొమ్మలూ ఏరి తెచ్చుకునేది. పేరున్నవాళ్లకి మ్యూజియంలున్నాయి, వీళ్లకి నేనున్నానులే అనేది. ఎవరైనా వస్తే, ఈ మంచుకి రంగే వెయ్యలేదు చూడండి, కాగితాన్ని అలా వదిలేశాడంతే, అని వేలితో తాకకుండా చూపించేది.

అన్నిటిలోకీ ఆమెకి ప్రాణం హెస్టర్ మాప్ బొమ్మ. హెస్టర్ వందేళ్ల కిందట ఆ ఊరి బడిలో పంతులమ్మ. ఆవిడ వేసినవాటిలో మిగిలింది ఇదొక్కటే. టీమ్ నది ఒడ్డున కాలిబాట, కంచె దాటే చెక్కమెట్టు, దూరంగా వంతెన. బయట బాట ఎలా ఉంటే బొమ్మలోనూ అలాగే ఉండేది. వానకి బురదయ్యేది, అక్టోబరులో ఆకులు రాలేవి, నడిచేవాళ్లు నడుస్తూ కనబడేవాళ్లు. ఊళ్లోవాళ్లు మేవిస్ కిటికీలోంచి ఆ బొమ్మని ఒకసారి తొంగిచూసి, బురదుంటే వెనక్కెళ్లి బూట్లు మార్చుకుని వచ్చేవాళ్లు.

ఆ మార్చిలో నది పక్క పొలం కొన్న క్విన్టన్ స్ట్రౌడ్, చెక్కమెట్టుకి అడ్డంగా ముళ్లతీగ బిగించాడు. మ్యాపులో ఇక్కడ బాట లేదన్నాడు. కౌన్సిల్ వాళ్లని అడిగితే తేల్చడానికి రెండేళ్లు పడుతుందన్నారు.

ఐవర్ బెడోస్‌కి అంత వ్యవధి లేదు. ఎనభై రెండేళ్లవాడు. భార్య నది అవతల వృద్ధాశ్రమంలో ఉంది. ఆమె అందరినీ మర్చిపోయినా, రోజూ రెండు గంటలకి వచ్చే ఆయన్ని మాత్రం మర్చిపోలేదు. ఈ బాట కాకుండా రోడ్డు మీద వెళ్లాలంటే మూడు మైళ్లు. ఆ మోకాళ్లతో అయ్యే పని కాదు.

మేవిస్ స్ట్రౌడ్‌ని ఇంటికి పిలిచి బొమ్మ చూపించింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని నవ్వాడు. "ఎవరీవిడ? పేరే వినలేదు. అయినా, నా తీగ ఇందులోనూ ఉందిగా. దారి లేదని మీ బొమ్మే చెబుతోంది."

నిజమే. తీగ ముళ్లతో సహా బొమ్మలోకి వచ్చేసింది.

ఆయన వెళ్లగానే మేవిస్ బొమ్మని కిందికి దింపి, చట్రం విప్పి, గిన్నెలో మంచినీళ్లు పోసి, సన్న కుంచె తీసింది. అక్కడే ఉన్న ఐవర్ కంగారుపడ్డాడు. "వద్దు మేవిస్. పాడైతే ఇంకొకటి లేదు కదా."

"ఈ తీగ హెస్టర్ వెయ్యలేదు," అంది ఆమె.

జన్మలో బొమ్మ మీద చెయ్యి పెట్టని మనిషి, తీగ మీద తడి కుంచె రాసి, అద్దుడు కాగితంతో నెమ్మదిగా అద్దింది. తీగ కరిగి ఊడొచ్చింది. ఐవర్ టోపీ పెట్టుకుని బయల్దేరాడు. బయట బాట మీద కూడా తీగ లేదు.

స్ట్రౌడ్ పనివాళ్లని తిట్టి మళ్లీ కట్టించాడు. మేవిస్ మళ్లీ తుడిచింది. మూడోసారి లావుపాటి గుంజలు పాతించాడు. అప్పటికి అక్కడి కాగితం ఉల్లిపొరలా అయిపోయింది. లడ్లో పట్నం నుంచి వచ్చిన బొమ్మల వ్యాపారి చూసి, ఇంకోసారి తడి తగిలితే చిరుగుతుందమ్మా, అప్పుడిది ఎవరికీ పనికిరాదని చెప్పాడు. ఎవరికి పనికొస్తుందో నాకు తెలుసంది మేవిస్.

గుంజల ముదురు రంగు ఒక పట్టాన వదల్లేదు. చివరికి వదిలింది కానీ, వాటితోపాటు చెక్కమెట్టూ పోయింది. కాగితంలో వేలు దూరేంత చిల్లు పడింది. మేవిస్ కుంచె కింద పెట్టేసింది.

ఆ తర్వాత స్ట్రౌడ్ బయట చెక్కమెట్టు ఉండే చోట గుంజ పాతితే నిలవలేదు. మేకు కొడితే పట్టలేదు. నెలరోజులు ప్రయత్నించి, పనివాళ్లు ఇక రామనేసరికి మానుకున్నాడు.

మేవిస్ బొమ్మని మళ్లీ కిటికీకి ఎదురుగా తగిలించి, కింద హెస్టర్ మాప్ పేరు రోడ్డు మీదికి కనబడేంత పెద్ద అక్షరాలతో రాసింది.

మధ్యాహ్నం రెండు కావస్తుంటే బొమ్మలో ఐవర్ కనబడతాడు. కర్ర ఆనించుకుంటూ వచ్చి, ఆ చిల్లు దగ్గర మాయమవుతాడు. మేవిస్ ఆ చిల్లునే చూస్తూ ఉంటుంది. కాసేపటికి అవతలి అంచున టోపీ, ఆ వెనక మనిషీ వస్తారు. వంతెన వైపు నడుస్తూ, ఒకసారి ఆగి, ఆమె వైపు చెయ్యి ఊపుతాడు.