ఎత్తు పెరిగిన కొక్కెం

బోర్లించిన తొట్టి మీద ఒక కాలు పెట్టి, గోడ పట్టుకుని రెండో కాలు కూడా ఎక్కించి, కొక్కేనికి వేలాడుతున్న నీలం ఏప్రాన్ అందుకుంది పొట్టక్క. దిగేటప్పుడు నడుములో ఏదో కలుక్కుమంది. కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. వెనక పెట్టెల్లో ఎలుకలు అప్పుడే మేత గిన్నెల దగ్గర చేరి గోల మొదలుపెట్టాయి.

ఆ కొక్కెం ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, చేయి చాస్తే అందేలా కొట్టించుకున్నదే. అప్పట్లో ఆమెనెవరూ పొట్టక్క అనేవారు కాదు. ఆ పేరు ఈమధ్య వచ్చింది. గోడలకు రంగులు వేసినవాళ్ళు కొక్కెం ఊడబెరికి పైకెక్కించి కొట్టిపోయారని ఆమె నమ్మకం. మరి పాత బెజ్జం ఏదని కాపలా ముసలాయన అడిగితే, దొంగ వెధవలు, రంగు పెట్టి పూడ్చేశారంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. రోజూ తొట్టి ఎక్కడం, ఆ రంగులవాళ్ళని నాలుగు తిట్టడం, దిగడం. పొద్దు అలా మొదలవ్వాలి.

పరిశోధనశాల వెనకాల కిటికీలు లేని గది అది. ఒక్కో పెట్టె దించి, తడిసిన రంపపు పొట్టు గోతాంలోకి దులిపి, వేడినీళ్ళతో రుద్ది, ఆరబెట్టి, కొత్త పొట్టు పరిచి, నీళ్ళ సీసా కారుతోందో లేదో చూసి మళ్ళీ ఎత్తి పెట్టాలి. చివరి పెట్టె అయ్యేసరికి మొదటి పెట్టె మళ్ళీ మాసి ఉంటుంది. నీళ్ళలో కలిపే బ్లీచింగ్ పొడికి వేళ్ళ సందులు పగిలిపోయాయి. ఒంటికి పట్టిన వాసనకి బస్సులో పక్క సీటులో ఎవరూ కూర్చోరు. అదీ ఒకందుకు మేలే, సంచి పెట్టుకోవచ్చు.

ఎడమవైపు అరల్లోవి 'గింజలు తీసినవి'. అంటే కడుపు కోసి అండాశయాలు తీసేసిన ఆడ ఎలుకలు. కుడివైపువి 'ఉత్త కుట్లవి'. పోల్చి చూడటానికని వాటికీ కడుపు కోస్తారు గానీ, ఏమీ తియ్యకుండా కుట్టేస్తారు. చదువుకున్నవాళ్ళు వీటికి పెద్ద పెద్ద పేర్లు పెట్టారు. గదిలో చెల్లేవి మాత్రం ఈ పేర్లే.

పొట్టక్క పొట్ట మీదా ఒక కోత ఉంది. కూతురు పుట్టాక రక్తం ఆగక, ముప్పయ్యేళ్ళు నిండకముందే ఆపరేషన్ చేశారు. పిల్ల ఉందిగా, అన్నీ తీసేస్తే పీడా పోతుందన్నారు. తీయించుకుంది. పీడా పోయిందనే అనుకుంది. ఇప్పుడు కూతురికీ అదే బాధ. ఎల్లుండి ఆపరేషన్. గర్భసంచి ఒక్కటే తీయాలా, అన్నీ తీసేయాలా అని డాక్టర్ అడిగిందట. పొద్దున పనికి బయల్దేరుతుంటే కూతురు సలహా అడిగింది. చెప్పులు వేసుకుంటూనే చెప్పేసింది పొట్టక్క. "అన్నీ తీయించెయ్. నాకు తీసి ఎన్నేళ్ళయింది, నేను బాలేనూ?"

మధ్యాహ్నం పరిశోధన చేసే అమ్మాయి పిలిచింది. ఆ పిల్ల ఇంకా డాక్టరు కాలేదు గానీ పొట్టక్క డాక్టరమ్మా అనే పిలుస్తుంది, ఆ నోటి చలవ వల్ల అయినా అవుతుందేమో. కంప్యూటర్ తెర మీద రెండు ఎముకల లోపలి బొమ్మలున్నాయి. ఒకటి ఒత్తుగా అల్లిన బుట్టలా ఉంది. రెండోది చెదపట్టిన తలుపులా ఉంది.

"ఇది ముసలి ఎలుకదా డాక్టరమ్మా?"

"కాదక్కా, రెండూ ఒకే ఈతవి. ఇది గింజలు తీసినది."

"పిల్లల్ని పుట్టించే గింజలకీ కాలెముకకీ ఏంటి సంబంధం?"

"ఆ గింజల్లో ఊరే హార్మోనే ఎముకని కాపు కాస్తుంది. చిన్న వయసులోనే తీసేస్తే ఎముక తొందరగా గుల్లబారుతుంది. మనుషులకైనా అంతే."

పొట్టక్క తెర వంకే చూస్తూ నిలబడింది. "ఎత్తు కూడా తగ్గుతుందా?"

"వెన్నుపూసలు అణిగితే తగ్గుతుంది. ఎందుకక్కా?"

"ఊరికే."

గదిలోకి వచ్చి మేకు ముక్కతో కొక్కెం కింద గోడ గీకింది. రంగు పొరలు పొరలుగా రాలింది. కింద పాత రంగు, దాని కింద సున్నం. బెజ్జం మాత్రం లేదు. ఇంకాస్త కింద గీకింది. లేదు.

తొట్టి మీద కూలబడింది. పాపం, ఆ రంగులవాళ్ళ ఉసురు ఎంత పోసుకుంది! తనకేమవుతుందోనన్న దిగులు కూడా ఎంతోసేపు నిలవలేదు. పొద్దున చెప్పులేసుకుంటూ కూతురితో అన్న మాట గుర్తొచ్చింది. చేతులు తుడుచుకోకుండానే ఫోన్ తీసింది.

"గర్భసంచి ఒక్కటే తియ్యమను. గింజలు ఉంచమను."

"ఏ గింజలమ్మా?" కూతురు విసుక్కుంది. పని మీద ఉన్నట్టుంది.

"అవేనే, అండాశయాలు. బాగుంటే ఉంచమని అడుగు. అడగకుండా సంతకం పెట్టకు."

"పొద్దున అన్నీ తీయించెయ్ అన్నావుగా? నువ్వు బాగానే ఉన్నావుగా?"

ఒళ్ళు హూనమైనా, జ్వరం కాసినా, మొగుడు పోయినప్పుడూ, ఎవరడిగినా బాగున్నాననే చెప్పిన మనిషి పొట్టక్క.

"బాలేనే" అంది.

అవతల కూతురు విసుగు మానేసింది. సరేనంది. మర్నాడు అడిగితే, అండాశయాలు బాగానే ఉన్నాయని, ఉంచడానికి డాక్టర్ ఒప్పుకుంది.

ఫోన్ చేసిన ఆ రోజు మిగిలిన పెట్టెలన్నీ కడిగి, ఎడమవైపు ఎలుకలకి ఇంకో గుప్పెడు మెత్తటి పొట్టు వేసి, ఎప్పటి బస్సుకే వెళ్ళింది పొట్టక్క. తర్వాత పరిశోధన చేసే అమ్మాయి పోరు పడలేక ఎముకల పరీక్ష చేయించుకుంది, మందులూ మొదలుపెట్టింది. చలికాలంలో ఒక పొద్దున మంచం దిగబోతూ ఉన్నచోటే కూలిపోయింది. తుంటి ఎముక విరిగింది. మంచాన పడ్డ మనిషి మళ్ళీ లేవలేదు. ఊపిరితిత్తులకి నెమ్ము చేసి, నిద్రలోనే పోయింది.

ఆమె వస్తువులు తీసుకువెళ్ళడానికి కూతురు వచ్చింది. పెద్దగా ఏమీ లేవు, ఒక దువ్వెన, చేతులకి రాసుకునే లేపనం డబ్బా, ఏప్రాన్. తొట్టి ఎక్కి తీసుకోవాలమ్మా అన్నాడు కాపలా ముసలాయన. అవసరం పడలేదు. నిలబడ్డచోటు నుంచే చెయ్యి చాస్తే కొక్కెం అందింది. ఆమెది అచ్చం తల్లి ఒకప్పటి ఎత్తు.

ఏప్రాన్ మడిచి గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయింది. గీకిన గోడ కింద, రాలిన రంగు పెళ్ళల మధ్య, తొట్టి బోర్లించినట్టే ఉంది.