చొక్కా కింద ఎర్రజెండా

తాళం తీసి చూస్తే స్టేషన్ గదిలో మేకు ఉంది, దానికి వేలాడాల్సిన ఎర్రజెండా లేదు.

“పోయింది,” అన్నాడు జెండా బాబాయ్, ఎవరి మొహమూ చూడకుండా.

బండికోసం వచ్చిన క్వారీ కూలీలు గొల్లుమన్నారు. ఎర్రజెండా చూపితేనే అక్కడ పాసింజరు ఆగుతుంది. ఈరోజు అందులో పెద్దాఫీసరు వస్తున్నాడు. ఎక్కేవాళ్లు లేరనిపిస్తే స్టేషన్ ఎత్తేస్తారు. క్వారీ కాంట్రాక్టరుకి కావాల్సిందీ అదే. బండి లేకపోతే కూలీలకి పట్నంలో పనుండదు, ఆయన విదిల్చిన కూలికే పడుండాలి.

“నీ జెండాని మేక మేసిందేమో బాబాయ్,” ఎవడో వెక్కిరించాడు.

“ఆ మేక ఎవరిదో నాకు తెలుసులే,” అంది రాళ్లు కొట్టే పెద్దక్క, గట్టు మీదున్న కాంట్రాక్టరు జీపు వైపు చూస్తూ.

జెండా బాబాయ్‌కి చొక్కా కింద ఒళ్లు మండింది.

అప్పట్లో క్వారీ పేలుడులో దెబ్బతిన్న పెద్దక్క మొగుడు, ఆగకుండా పోతున్న బండిని చూస్తూ ఇక్కడే ప్రాణం వదిలాడు. అప్పుడు అందరూ పట్టాల మీద కూర్చుంటేనే బండి ఆగింది. రాళ్లు నెత్తిన మోసుకొచ్చి ప్లాట్‌ఫారం కట్టుకున్నారు. నమ్మి బాబాయ్ చేతిలో జెండా పెట్టారు.

“ఆఫీసరుకి అర్జీ పెట్టుకుందాం,” అన్నాడు టికెట్ల గుమాస్తా.

“ఆగని బండికి అర్జీ ఎలా ఇస్తావయ్యా, రాయికి కట్టి విసురుతావా? ఆ రోజు మనకి జెండా ఉందా? పదండి.”

పెద్దక్క పట్టాల మీదికి దిగింది. వెనకే గంపలతో, గునపాలతో, చంకలో పిల్లలతో అందరూ దిగారు. బండి కూత దగ్గరైంది. ఒక్కరూ కదల్లేదు. జెండా బాబాయ్ చెయ్యి చొక్కా గుండీ దాకా వెళ్లి ఆగిపోయింది.

పెద్దక్క ముందు చీపురుకట్ట దూరంలో బండి కీచుమంటూ నిలబడింది.

బండిలోంచి పోలీసులు దిగారు. జీపు దిగి కాంట్రాక్టరూ వచ్చాడు. “గొడవకోసం జెండా దాచింది ఇదే సార్. ఏం జెండా బాబాయ్, అవునా?”

పెద్దక్క చేతులకి బేడీలు పడుతున్నాయి. జెండా బాబాయ్ గుండీలు తీసి, చెమటకి తడిసిన ఎర్రగుడ్డ బయటికి లాగాడు.

“ఆమె కాదండీ, నేనే. మా వాడిని మేస్త్రీని చేస్తానని ఈయన ఆశపెడితే నేనే దాచాను. బండి మీదికొస్తున్నా తియ్యలేదు. పెద్దక్కా, నీ మొగుడి నోట్లో ఆఖరి చుక్క నీళ్లు పోసిన చేత్తోనే నిన్ను చంపబోయాను. సార్, ఆ బేడీలు ఇటు తెండి, ఈయనకి కూడా ఒక జత తెండి. కాకపోతే ఇంకాసేపు ఈ జెండా పట్టుకోనివ్వండి. వీళ్లంతా బండెక్కాలి.”