చంపినా లేస్తున్న ప్రోగ్రామ్

అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ ముందున్న మ్యాప్ బిగుసుకుపోయింది. ఫోన్‌లో ఒకాయన, "నాన్నకి ఊపిరాడట్లేదు, మా కారు ఏ రోడ్డు మీదుందో కూడా తెలీదమ్మా!" అని అరుస్తున్నాడు.

"రీస్టార్ట్ చెయ్ తమ్ముడూ!" అంది ఆమె పక్కనున్న టెక్నీషియన్‌తో.

"చేస్తే కాల్ కట్టవుతుందక్కా."

అతను కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్‌ల లిస్టు తెరిచాడు. ఒకే ప్రోగ్రామ్ మెమరీలో తొంభై శాతం మింగేసింది. ఆపాడు. మరుక్షణమే మళ్లీ లేచింది.

"జిడ్డులా పట్టుకుంది. దీన్ని ఇంకేదో లేపుతోంది."

వెతికితే దొరికింది, పాత కాల్స్‌కి కాపీలు తీసే బ్యాకప్.

"మన సార్ సంతకం లేకుండా దాన్ని ఆపితే నీ ఉద్యోగం పోతుంది!" అంది ఆపరేటర్.

"పోతే మీ ఇంటికొచ్చి కూర్చుంటాలే," అంటూ ముందు బ్యాకప్‌ని, తర్వాత ప్రోగ్రామ్‌ని ఆపేశాడు. ఈసారి అది లేవలేదు. మ్యాప్ కదిలి, ఆ కారున్న చోట ఎర్రచుక్క వెలిగింది.

"దొరికారు! అక్కడే ఉండండి," అంది ఆపరేటర్, "అంబులెన్స్ మీ వెనక వీధిలోనే ఉంది."