నిచ్చెన కింద ఎవరున్నారు

నేను నిచ్చెన మీద నుంచి పడ్డాను. ఇందులో దాచడానికేమీ లేదు. ఒక మేడ పై అంతస్తు కిటికీ ఊచలకి రెడాక్సైడ్ పూస్తున్నాను. ఇనుముకి తుప్పు పట్టకుండా ముందుగా వేసే ఎర్ర రంగు అది. చివరి ఊచ మూరెడు దూరంలో ఉంది. కింద నిచ్చెన పట్టుకున్న నిదానం, “దిగరా, జరుపుదాం” అన్నాడు. “అందుతుందిలే” అన్నాను. అందలేదు.

నిదానం వాడి అసలు పేరు కాదు. ఏ పనైనా నిమిషం ఆలోచించి గాని మొదలుపెట్టడని మేస్త్రీలు తగిలించిన పేరు. పన్నెండేళ్లుగా మేమిద్దరం జోడీ పెయింటర్లం. నేను పైన, వాడు కింద. నేను మాట్లాడతాను, వాడు వింటాడు. మా ఇల్లు వంతెనకి ఇవతల, వాళ్లది అవతల. ఇన్నేళ్లలో ఆ తేడా బయటపడింది ఒక్కసారే. వరద నీళ్లు వంతెన మీదికొచ్చి, వాడు రెండు రోజులు మా ముందు గదిలో గురకపెట్టాడు.

ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో కట్టు వేశాక మా బావమరిది ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. కాలికి తెల్ల కట్టు, చొక్కా నిండా రెడాక్సైడ్. కింద ‘బావ త్వరగా కోలుకోవాలి’ అని రాసి, దండం పెట్టే చేతుల బొమ్మలు ఆరు తగిలించాడు. వాడికి పని తక్కువ, బొమ్మలెక్కువ.

నాలుగో రోజుకి ఆ ఫొటో మా వార్డు గ్రూపులోకి వచ్చింది. కోలుకోవాలన్న మాట లేదు. ‘వంతెన అవతలి వాళ్లు మన మనిషిని ఏం చేశారో చూడండి. ఇంకెన్నాళ్లు ఊరుకుందాం?’ అని ఉంది. మునిసిపల్ ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి. ఆ రక్తమంతా చూసి ముందు నాకు జాలేసింది. తర్వాత ఒళ్లు మండింది. ఆ తర్వాతే అది నేనని గుర్తుపట్టాను.

నన్ను మోసం చెయ్యడం అంత తేలిక కాదని ఇక్కడ చెప్పుకోవాలి. కాలు విరిగిన సంగతి ఫోనుకి ఎలా తెలిసిందో గాని, ఎముకల పొడి ప్రకటనలు కుప్పలుగా రావడం మొదలైంది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన పదకొండు రోజుల్లో ఎముక అతుకుతుందని చెబుతుంటే మా ఆవిడ డబ్బా తెప్పిస్తానంది. నేను ఫోను లాక్కుని చూశాను. ఆయనే పోయిన ఏడాది నాకు జుట్టు నూనె అమ్మబోయాడు. అప్పుడు కోటు లేదు, బట్టతల నుంచి బయటపడ్డ రైతు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిని పిలిచి పాఠం చెప్పాను. “ఎవరు చెబుతున్నారు? చెబితే వాళ్లకేంటి లాభం? మనకి చూపించని ముక్క ఏది? ఈ మూడూ అడక్కుండా దేన్నీ నమ్మకు.”

అమ్మాయి బుద్ధిగా రాసుకుంది. మా ఆవిడ మాత్రం, “ఇన్నాళ్లూ గ్రూపుల్లో మీరు అందరికీ పంపినవి ఉన్నాయి కదా. వాటిని కూడా అడిగారా?” అంది. నేను మంచినీళ్లు తెమ్మన్నాను.

ఆ మర్నాడు మా వార్డులో పోటీ చేస్తున్న లాయరు పళ్లతో వచ్చాడు. వెంట ఫోను పట్టుకునే మనిషొకడు. కుర్చీ వేసినా వాడు కూర్చోలేదు. గోడలకి ఆనుకుంటూ తిరుగుతూ నన్ను తీస్తూనే ఉన్నాడు.

“అన్నా, భయపడకు. మేమున్నాం. జరిగింది జరిగినట్టు చెప్పు” అన్నాడు లాయరు.

జరిగింది జరిగినట్టు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. పావుగంట చెప్పాను. ఊచ ఎంత దూరంలో ఉందో చెప్పాను. దిగమన్నా దిగలేదని, తప్పంతా నాదేనని, చొక్కా మీద ఉన్నది రంగని చెప్పాను. ఆ రంగులో కలిపేది ఏమిటో, ఎంత కలపాలో కూడా చెప్పాను. లాయరు తల ఊపుతూ విన్నాడు. “అప్పుడు నిచ్చెన కింద ఎవరున్నారు?” అన్నాడు. “ఇంకెవరు, నిదానమే. వాణ్ని నమ్మే కదా ఇన్నేళ్లూ ఎక్కింది!” అన్నాను.

సాయంత్రానికి వీడియో వచ్చింది. మొత్తం తొమ్మిది సెకన్లు. నా కట్టు, నా చొక్కా ఫొటో, తర్వాత నా మొహం. ‘నిచ్చెన కింద ఎవరున్నారు?’ అని లాయరు గొంతు. “నిదానమే. వాణ్ని నమ్మే కదా ఎక్కింది!” అక్కడితో ఆపి, వెనకాల వయొలిన్ వేశారు. నా గొంతులో అంత బాధ ఉందని నాకు తెలీదు.

ఆ వీడియో కిందే నేను నిజం రాశాను. నేనే ఒరిగాను, నేనే పడ్డాను అని. అరగంటలో డెబ్బై మంది సమాధానమిచ్చారు. నన్ను బెదిరించి రాయిస్తున్నారని కొందరు, ఇది నా పేరుతో అవతలి వాళ్లు తెరిచిన దొంగ ఖాతా అని కొందరు. ‘ధైర్యంగా ఉండన్నా’ అని మా వీధి చివర ఇస్త్రీ దుకాణం వాడు రాశాడు. వాడు పొద్దున నా మంచం పక్కన కూర్చుని మొత్తం కథ విని వెళ్లినవాడే.

అవతలి గ్రూపులో ఇంకో పోస్టు తిరుగుతోందని బావమరిది మోసుకొచ్చాడు. అందులో నేను తాగి పడ్డానట. నా జన్మలో తాగి నిచ్చెన ఎక్కలేదు. మా అమ్మ తలుపు దగ్గరగా వేసి, మంచం మీద కూర్చుని, “నాకైనా నిజం చెప్పు నాయనా. ఎవరు తోశారు?” అంది. ఒట్టేసి చెప్పాను. “సరేలే, నీకు చెప్పే వీలు లేదేమో” అని లేచి వెళ్లింది.

కాలు కదలని మనిషికి ఫోను తప్ప దిక్కు లేదు. ఆ తొమ్మిది సెకన్లూ రోజుకి ఎన్నిసార్లు చూశానో చెప్పడం సిగ్గుచేటు. మొదట్లో కోసేసిన ముక్కల కోసం వెతికాను. తర్వాత ఊరికే చూశాను. వారం గడిచాక ఒక మధ్యాహ్నం చూస్తూ చూస్తూ, ఆ రోజు పడే ముందు నిచ్చెన కదిలింది కదా అనుకున్నాను. నేను ఒరిగాను కాబట్టి కదిలింది. అది నాకు తెలుసు. కానీ ముందు ఒరిగానా, ముందు కదిలిందా? దిగమని చెప్పాక వాడు ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. వాడు మామూలుగానే మాట్లాడడు. అయినా ఆ నిమిషం నాకు పెద్దదిగా కనిపించింది. ఎవరు చెబుతున్నారు, వాళ్లకేంటి లాభం అని నన్ను నేను అడగలేదు. చెబుతున్నది నేనే కదా.

మరో వారానికి నిదానం వచ్చాడు. వంతెన దాటి, మా వీధి మొదట్లో నలుగురు ఎగాదిగా చూస్తుంటే నడిచి వచ్చాడట. నా బ్రష్షులన్నీ కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చాడు. వాడిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు కూడా వేసింది.

“వీడియో చూశావా?” అన్నాను.

“చూశా.”

“అది నేను అన్నట్టు కాదురా...”

“నాకు చెప్పాలా? కోసేశారు” అన్నాడు. “ఎక్కడైనా రెండు ముక్కల్లో ఆపావా నువ్వు, పుట్టాక?”

ఇద్దరం నవ్వాం. వాళ్ల వీధిలో ఆ వీడియో చూపించి, నీ జోడీ ఏమన్నాడో విను అని నిలదీస్తే, కోసేశారన్న ఒక్క మాటే వాడు అందరికీ చెప్పాడట. ఎవరూ నమ్మలేదట. ఇవతల ఒప్పుకున్న రెండు పనులూ పోయాయట. ఇదంతా వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. ఒక స్కూలు, మూడంతస్తులు, నీ కాలు బాగయ్యేదాకా ఆగుతామన్నారు, ఒప్పుకోనా అన్నాడు.

ఒప్పుకో అనడానికే నోరు తెరిచాను.

“ఒక్కటి చెప్పరా. ఆ రోజు నిచ్చెన గట్టిగానే పట్టుకున్నావు కదా?”

ఆ వీడియోలో నా మొహం కళ్లారా చూసి, నా గొంతు చెవులారా విని కూడా నన్ను అనుమానించని మనిషిని నేను అడిగిన మాట అది. అడిగాక నాలిక కోసేసుకోవాలనిపించింది. వాడు మామూలుగానే నిమిషం ఆలోచించాడు.

“పట్టుకున్నా” అన్నాడు. ఇంకాసేపటికి, “స్కూలు పనికి వేరే జోడీని చూసుకుంటాలే. నువ్వు కూడా ఎవణ్నైనా చూసుకో” అన్నాడు.

“కోపమొచ్చిందా?”

“కోపం కాదురా. ఇక నేను పట్టుకుంటే నువ్వు కిందికి చూస్తూ ఉంటావు. మూడంతస్తులు. పడతావు.”

బ్రష్షులు మంచం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. వాడు గుమ్మం దాటగానే మా అమ్మ లోపలి నుంచి వచ్చి, “చూశావా, మొహం చెల్లక వెళ్లిపోయాడు” అంది.

కాదమ్మా అని, వాడు దిగమంటే నేనే దిగలేదని, తప్పు నాదేనని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఒక్క ముక్క కూడా వదలకుండా, ఊచ ఎంత దూరంలో ఉందో దాంతో సహా చెప్పాను. అమ్మ నా కళ్లలోకి చూస్తూ వింది. ఈసారి నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.