నలభై ఒకటో నంబరు డబ్బా

నేను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాను. మనిషి మలం చెంచాడు పట్టేటంత ఉంటాను. నాలో దుమ్ము కణం కూడా పడకూడదని ఫ్యాక్టరీలో ముఖాలకు గుడ్డలు కట్టుకుని మరీ నన్ను తయారుచేశారు. ఆ తరువాత నాలో ఏం వేశారో వాళ్లకు తెలిస్తే ఏమనుకునేవారో!

నాపై 41 అని అంటించి, హైమావతి అనే సర్వే అమ్మాయి నన్ను భీమిలి దగ్గర మత్స్యకారుల పల్లెకు తెచ్చింది. పేగుల్లోని బ్యాక్టీరియా జన్యువులను చదివి, వాటికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం తెలుసుకునే పరిశోధన అది. నన్ను ఎర్రయ్యకు, 42ను ఆయన భార్య పైడమ్మకు ఇచ్చింది.

ఎర్రయ్య నన్ను తిప్పి తిప్పి చూశాడు. "దీన్ని సదివితే మనిసి లోపలున్నదంతా తెలిసిపోద్దేటి?"

"చాలావరకు తెలుస్తుంది బాబాయ్" అంది హైమావతి, ధైర్యం చెబుతున్నాననుకుని.

ఆమె అటు వెళ్లగానే ఆయన భార్యతో అన్నాడు: "రెండిట్లోనూ నీదే ఎట్టెయ్. నాకు రోగముందంటే బోటెక్కనివ్వరు."

"రోగమేటి?" అంటే మాట మార్చాడు. పైడమ్మ అనుమానంగా చూస్తూనే ఆయన చెప్పినట్టు చేసింది.

ల్యాబులో రెండు డబ్బాల్లోనిదీ ఒకే మనిషిదని తేలింది. సర్వే అధికారి కళ్లు హైమావతి మీద పడ్డాయి. "పల్లెకు వెళ్లకుండానే నింపేశారా?" అన్నాడు. ఆమె ఏం చెప్పినా నమ్మలేదు. నాలోని ప్రతి కణాన్నీ చదివారు గానీ, నిజం తెలిసిన నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

హైమావతి నన్ను సంచిలో వేసుకుని మళ్లీ పల్లెకు వచ్చింది. "పిన్నీ, నా ఉద్యోగం పోయేలా ఉంది. ఇందులో ఉన్నది ఎవరిది?"

"నాదేనమ్మా. ఈయనే ఎట్టమన్నాడు. ఎందుకో నాకూ సెప్పలేదు."

ఎర్రయ్య తలవంచుకున్నాడు. "ఆర్నెల్లయి దొడ్డికెళ్తే నెత్తురు పడతందమ్మా."

పైడమ్మ ఆయన వైపు తిరిగింది. "ఆర్నెల్లా! నీ పక్కనే ఉన్నాను కదా, నాకైనా సెప్పలేవా?"

"దీనికి మా యంత్రాలు కాదు బాబాయ్, డాక్టరు కావాలి. లేవండి" అంది హైమావతి.

పేగులో గడ్డ ఉందన్నారట డాక్టర్లు. ఆపరేషన్ చేసి తీసేశారట. ఇంకొంత ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండేది కాదన్నారట. నిజం బయటపడడంతో హైమావతి ఉద్యోగం నిలిచింది. అధికారి క్షమాపణ చెప్పలేదు. ఫారంలో 'ఇది నాదే' అని ఇచ్చినవాళ్లు పెట్టాల్సిన సంతకం ఇంకొకటి చేర్చాడు.

నాపై 'రద్దు' అని రాశారు. కాల్చేసే చెత్తతోపాటు పసుపు సంచిలో పడేసేవేళ, హైమావతి తోటి అమ్మాయితో నవ్వుతూ చెబుతుండగా విన్నాను. ఎర్రయ్య మళ్లీ బోటెక్కాడట. పరిశోధనకు కొత్త డబ్బా కూడా అడిగి తీసుకున్నాడట. కాకపోతే పైడమ్మ మాత్రం మరుగుదొడ్డి తలుపు ముందు నడుముకు చేతులు ఆనించుకుని నిలబడిందట: "బయటికొచ్చి ముందు నాకు సూపించు."